నలభై మూడో కార్డు

జనవరి 12

బాబాయికి,

నీ పిడుగు రాస్తున్నది. ఫోన్ చేస్తే నువ్వు "ఆఁ? ఆఁ?" అని అరవడం, పిన్ని పక్కనుంచి నా మాటలు నీ చెవిలో మళ్ళీ చెప్పడం, చివరికి ఆవిడా నేనూ మాట్లాడుకుని పెట్టెయ్యడం, ఈ తతంగమంతా ఎందుకని ఉత్తరమే రాస్తున్నాను. ముప్పై ఏళ్ళు ట్రాన్స్‌ఫార్మర్ల పక్కన పనిచేసిన చెవులకి ఇక నేను పరీక్ష పెట్టను.

విషయమేమిటంటే, మా వాతావరణ ఆఫీసులో నాకో పెద్ద పని అంటగట్టారు. మన ప్రాంతంలో గత అరవై ఏళ్ళలో వచ్చిన టోర్నడోలన్నిటినీ ఒక్కచోట చేర్చాలి. ఏ నెలలో వచ్చాయి, ఏ వేళప్పుడు, ఏ దిక్కునుంచి ఏ దిక్కుకి, ఎంత వెడల్పున, ఎంత దూరం. రాబోయే సుడిగాలి ఎప్పుడొస్తుందో ఎవరూ చెప్పలేరు గానీ, వచ్చిపోయినవన్నీ వరసగా పెట్టి చూస్తే వాటికీ ఒక నడవడిక ఉంటుంది. "నీకు ఓపికెక్కువ, నువ్వే చెయ్యాలి" అన్నాడు మా పెద్దాయన. మా డైరెక్టరుని అందరం అలాగే అంటాం. ఇంకెవరూ ఒప్పుకోలేదు కాబట్టి నాకు ఓపికెక్కువైందని తర్వాత తెలిసింది.

పాత రికార్డుల గది మెట్ల కింద ఉంది. తుమ్ముకుంటూ నెల రోజులు తిరగేస్తే డెబ్భై ఒక్కటి దొరికాయి. వాటిలో నలభై మూడు నీ కార్డులే! మిగతా ఊళ్ళ పరిశీలకులందరూ కలిసి పంపింది ఇరవై ఎనిమిది. వానలెక్క రాయమని ఇచ్చిన కార్డుల వెనక నువ్వు సుడిగాలుల బొమ్మలు గీసి పంపేవాడివని నాకు ఇన్నాళ్ళూ తెలీదు. వేసవి సెలవుల్లో మీ ఇంట్లో పడి తిన్నన్నాళ్ళు నాకెందుకు చూపించలేదు? ఒక దాంట్లో సుడిగాలి తొండం పక్కన ఆవు కూడా ఉంది. ఆవు నిజంగా ఎగిరిందా, నువ్వే ఎగరేశావా?

ఈ లెక్కలు ఊరికే పుస్తకంలో పెట్టడానికి కాదు. ఏ కట్టడాల కింద ముందుగా రక్షణ గదులు తవ్వించాలో ఒక కమిటీ వీటిని చూసి తేలుస్తుంది. ఏప్రిల్ ముప్పైకి అప్పజెప్పాలి. అందుకని నువ్వు వెడల్పులు ఎలా కొలిచావో, దిక్కులు ఎలా పట్టావో కాస్త వివరంగా రాయి. అమ్మ బాగానే ఉంది, మోకాలు తప్ప.

నీ కార్డుల దుమ్ముతో తుమ్ముతున్న
పిడుగు

జనవరి 21

పిడుగమ్మకి,

నీ ఉత్తరం మీ పిన్ని రెండుసార్లు చదివించుకుంది. తన గురించి ఒక్క ముక్కే ఉందని అలిగింది. ఈసారి ఇంకో ముక్క కలుపు.

ఆవు సంగతి ముందు. అది ఎగరలేదు. గాలి దాన్ని నెట్టుకుంటూ పోయి పక్కవాడి చేలో నిలబెట్టింది. అది అక్కడ హాయిగా మేస్తుంటే, పక్కవాడు ఆవుగలాయనతో తగాదాకి దిగాడు. గాలి తోలుకొచ్చిన ఆవుకి నేనేం చేసేదని ఆయన. ఆ తగాదా తీర్చింది కూడా నేనే.

ఇక కొలతలు. నా దగ్గర ఉన్నదేమిటి? కరెంటు స్తంభాలు. స్తంభానికీ స్తంభానికీ మధ్య యాభై మీటర్లు. వరసలో నాలుగు పడితే దాని వెడల్పు నూట యాభైకి తక్కువ కాదు, రెండొందల యాభైకి మించదు. దిక్కంటావా, పడ్డ స్తంభాలు చూస్తే తెలిసిపోతుంది. అన్నీ ఒకే వైపుకి ఒరిగితే అది మామూలు ఈదురుగాలి. ఒక చివరివి ఇటూ, ఇంకో చివరివి అటూ పడుంటే, అది తిరుగుతూ వచ్చిందన్నమాట. ఇది నాకు ఏ కాలేజీలోనూ చెప్పలేదు. పడ్డవాటిని మళ్ళీ నిలబెట్టినవాడికి ఎలా పడ్డాయో తెలియదా?

మీ ఆఫీసువాళ్ళకి చెప్పు. లైన్ ఇన్‌స్పెక్టరు గాలిని కొలవడమేమిటని ఆ రోజుల్లో నన్ను చూసి నవ్వినవాళ్ళున్నారు. ఇప్పుడు మా అన్న కూతురే ఆ కార్డులు ముందేసుకుని కూర్చుందంటే, నవ్వినవాళ్ళ అడ్రసులు వెతికి ఒక్కొక్కరికీ కబురు చెయ్యాలనుంది.

వదిన మోకాలికి వేడినీళ్ళ కాపడం మంచిది. మెట్లెక్కొద్దని చెప్పు.

ఛాతీ కాస్త పొంగిన
మీ బాబాయి

ఫిబ్రవరి 8

బాబాయికి,

పిన్నికి మూడు ముక్కలు: బాగున్నావా, నడుము నొప్పి తగ్గిందా, బాబాయిని భరిస్తున్నందుకు మా అందరి తరఫునా ధన్యవాదాలు.

నీ కార్డులన్నీ పటం మీద పెట్టాను. చూసి పెద్దాయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. "ఇవేమిటమ్మా, కరెంటు తాగి బతుకుతాయా?" అన్నాడు. నీ సుడిగాలులు నలభై మూడూ కరెంటు తీగల వెంటే నడిచాయి మరి! తీగలు లేని చోట ఒక్కటీ లేదు. ఎందుకో నాకు తెలుసులే. స్తంభం పడితే నువ్వు వెళ్ళేవాడివి, పడకపోతే నీకు కబురే లేదు. బీళ్ళలోకి వచ్చిపోయినవి ఎన్నున్నాయో ఆ బీళ్ళకే తెలియాలి. ఆఫీసులో అందరం కడుపుబ్బ నవ్వుకున్నాం.

అది సర్దుకోవచ్చు. చిక్కంతా టైముల దగ్గర వచ్చింది. ఒకే సుడిగాలిని నువ్వూ చూశావు, బస్ డిపో గుమాస్తా ఒకాయనా చూశాడు. ఆయన మూడూ ఇరవై అని రాశాడు, నువ్వు నాలుగూ అయిదు అన్నావు. అలాంటివి ఇంకో మూడున్నాయి. ప్రతిసారీ నువ్వే వెనక. నువ్వు రాసింది గాలి వచ్చిన టైమా, నీకు తెలిసిన టైమా? అది తేలేదాకా నీ కార్డులు పక్కన పెట్టాలనుకున్నాం. గుర్తు చేసుకుని రాయి.

తొందరలో,
పిడుగు

ఫిబ్రవరి 15

అమ్మాయికి,

నీ ఉత్తరం అందింది.

కడుపుబ్బ నవ్వుకున్నారని రాశావు. సంతోషం. వానలో తడుస్తూ, పడ్డ స్తంభాల మధ్య టేపు పట్టుకుని తిరిగి రాసినవి అవి. నవ్వుకోవడానికైనా పనికొచ్చాయి.

బస్ డిపో గుమాస్తా నాకు తెలుసు. వాడి వాచీ మీద బస్సులు నడిపితే ఒక్క బస్సు కూడా బయల్దేరి ఉండేది కాదు. నా టైములు నిమిషంతో సహా సరైనవి. పక్కన పెట్టుకుంటారో, పొయ్యిలో పెట్టుకుంటారో మీ ఇష్టం. పెద్ద చదువులు చదివినవాళ్ళు. టైముల గురించి మాత్రం నన్ను మళ్ళీ అడక్కు.

మీ పిన్ని కులాసా.

బాబాయి

మార్చి 3

బాబాయికి,

చెంపలేసుకుంటున్నాను. ఇదిగో, ఎడమదీ కుడిదీ. నేను నవ్వింది పటం చూసి, నిన్ను చూసి కాదు. పక్కన పెట్టడమంటే పారెయ్యడమూ కాదు. అనుమానమున్నవాటిని తేల్చుకునేదాకా వేరే దొంతిలో పెడతాం, అంతే. నువ్వు "అమ్మాయికి" అని మొదలుపెట్టిన ఉత్తరం నా జన్మలో ఇదే మొదటిది. చదవగానే కళ్ళనీళ్ళు తిరిగాయి.

నువ్వు అడగొద్దన్నావు కాబట్టి నిన్ను అడగలేదు. మీ పాత సబ్‌స్టేషన్‌కి రాసి, ఆ రోజుల నాటి కంప్లయింట్ రిజిస్టర్లు తెప్పించాను. చూస్తే చిక్కు విడిపోయింది. కరెంటు పోయిందని జనం వచ్చి చెప్పినప్పుడు గుమాస్తా రిజిస్టరులో ఏ టైము వేసేవాడో, నీ కార్డులో అదే టైము. నలభై రెండింటికీ అంతే. అంటే నువ్వు తప్పు రాయలేదు, నీ ఉద్యోగం ప్రకారం రాశావు. మీకు ఫిర్యాదుతోనే గాలి మొదలయ్యేది! ఆ నలభై రెండింటినీ మిగతా సాక్ష్యాలతో పోల్చి, ముప్పావు గంట అటూ ఇటుగా ముందుకి జరిపాను. నీ మీద మాట పడకుండా కారణం కూడా రాశాను.

ఇక నలభై మూడోది. నాన్న పోయిన రోజుది.

దాని గురించి రాయడానికి నాకు చెయ్యాడటం లేదు గానీ, ఇది పని. అరవై ఏళ్ళలో బాగా బలమైనవి నాలుగే వచ్చాయి. మూడింటికి "సాయంత్రం" అని తప్ప టైమే లేదు. నాలుగోది ఇది. నాలుగుంపావు అని నువ్వు స్పష్టంగా రాశావు. ఇది ఎక్కడో పొలాల్లో కాదు, మన ఊరి మీదికే, నీ కళ్ళముందే వచ్చింది. ఎవరో చెబితే రాసింది కాదు. అందుకని నీ కార్డులన్నిట్లో దీని టైము ఒక్కటే ఏ అనుమానమూ లేకుండా తీసుకున్నాను. కమిటీ కూడా దీన్నే పట్టుకుంటుంది. చిన్నవి పెంకులు లేపుతాయి, పెద్దది గోడలు లేపుతుంది. బడులు నాలుగింటికి వదిలేస్తారు కాబట్టి, పెద్దవి నాలుగు దాటాకే వస్తాయనుకుంటే బడులకి తొందరలేదు. ముందు మిల్లులకీ ఆస్పత్రులకీ తవ్వి, బడుల సంగతి పదేళ్ళ తర్వాత చూస్తారు. డబ్బున్నంత వరకే కదా తవ్వేది.

ఇప్పటికైనా కోపం పోయిందా?

నీ పిడుగు

మార్చి 12

పిడుగుకి,

కోపం లేదు. అసలు నీ మీద ఎప్పుడూ లేదు.

రిజిస్టర్ల సంగతి నిజమే. గుమాస్తా వేసిన టైమే వేసేవాణ్ణి. అది తప్పని అప్పుడు తోచలేదు. నలభై రెండూ నువ్వు దిద్దినట్టే ఉంచు.

నలభై మూడోది తీసెయ్యి. దాన్ని లెక్కలో కలపొద్దు. ఒక్కటి లేకపోతే మీ పుస్తకానికి వచ్చే నష్టమేమీ లేదు. కార్డు పోయిందని రాసుకో.

ఒంట్లో అంత బాగా లేదు. పెద్ద జబ్బేమీ కాదు, కంగారు పడకు.

బాబాయి

మార్చి 20

బాబాయికి,

నువ్వు రాసింది నాలుగుసార్లు చదివాను. తీసెయ్యమన్నావు. కార్డు పోయిందని రాసుకోమన్నావు.

అరవై ఏళ్ళలో అన్నిటికంటే పెద్దది అది. అది లేదని ఎలా రాయను? మా నాన్న ఏ గాలికి పోయాడని రాయను, మామూలు గాలికా? నాకు తొమ్మిదేళ్ళప్పుడు అమ్మా నేనూ అమ్మమ్మ దగ్గరికి వెళ్ళి, తిరిగొచ్చేసరికి నాన్న మేస్త్రీగా పనిచేసే కలప మిల్లుకి పునాది తప్ప ఏమీ లేదు. ఆ రోజు గురించి నా దగ్గరున్నదల్లా నీ కార్డు ఒక్కటే. బొమ్మ కూడా గియ్యలేదు నువ్వు దాని మీద. టైము, వెడల్పు, "ఒకరు మృతి". అంతే.

అమ్మకి చెప్పకుండా ఉండాల్సింది, కోపంలో చెప్పేశాను. ఆవిడ కూర తరుగుతున్న కత్తిపీట పక్కకి జరిపి, "మీ బాబాయికి మీ నాన్న గుర్తు కూడా బరువైపోయింది" అంది. నేను కాదనలేదు. నీకు గుర్తుచేసుకోవడం కష్టంగా ఉంటే నేను అర్థం చేసుకుంటాను. కానీ తీసెయ్యను. నాలుగుంపావు అలాగే వెళుతుంది.

ఒంట్లో ఎలా ఉందో పిన్నితో అయినా రాయించు.

పిడుగు

ఏప్రిల్ 4

పిడుగుకి,

ఈ ఉత్తరం ఇది అయిదోసారి మొదలుపెట్టడం. మీ పిన్నికి కూడా చూపించకుండా రాస్తున్నాను. పోస్టు చేశాక ఆమెకి చెబుతాను.

నాలుగుంపావు అబద్ధం. ఆ గాలి మిల్లు మీదికి వచ్చింది మూడూ నలభై ఏడుకి.

మొదటినుంచీ చెబుతాను. అంతకు రెండేళ్ళ ముందు ఒక గాలికి తీగ తెగి రోడ్డు మీద పడింది. అందులో కరెంటు ఉంది. ఒక తల్లీ కూతురూ చూసుకోక దాని మీద కాలేశారు. వాళ్ళని తీసినవాణ్ణి నేను. ఆ తర్వాత పైవాళ్ళు పద్ధతి పెట్టారు, సుడిగాలి ఊరి వైపు వస్తోందని కంటికి కనిపిస్తే ముందు ఊరికంతా కరెంటు ఆపెయ్యాలని. అది మంచి పద్ధతే. ఇప్పటికీ మంచిదే అంటాను.

ఆ రోజు డ్యూటీలో నేనొక్కణ్ణే ఉన్నాను. పడమటి వైపు మేఘం తొండం దించడం సబ్‌స్టేషన్ యార్డులోంచి చూశాను. ఆలోచించలేదు, మెయిన్ స్విచ్ దించేశాను. అప్పుడు మూడూ ముప్పై ఎనిమిది. తర్వాత ఫైర్ స్టేషన్‌కి ఫోన్ చేసి, గాలి వస్తోంది, సైరన్ వెయ్యండి అన్నాను. అవతల ఆయన, "నొక్కుతూనే ఉన్నానయ్యా, మోగట్లేదు. కరెంటు లేదు" అన్నాడు.

సైరన్ కరెంటుతో మోగుతుందని నాకు తెలియకనా? దాని తీగ లాగించినవాణ్ణే నేను. ఆ క్షణంలో బుర్రకి తట్టలేదు. పద్ధతి రాసినవాళ్ళకీ తట్టలేదు.

తిరిగి స్విచ్ ఎక్కించాలని యార్డులోకి పరుగెత్తాను. నిమ్మకాయలంత వడగళ్ళు పడుతున్నాయి. స్విచ్ నలభై అడుగుల దూరం. సగం దూరం వెళ్ళి వెనక్కి వచ్చేశాను. మెట్ల కింద దాక్కున్నాను. ఎక్కించడం కుదరలేదని ఇన్నాళ్ళూ నాకు నేను చెప్పుకున్నాను. కుదిరేది. భయపడ్డాను. సైరన్ మోగితే మిల్లువాళ్ళంతా వెనక కల్వర్టు కిందికి పరుగెత్తాలని అన్నయ్యకి నేనే చెప్పి పెట్టాను. సైరన్ కోసం చూస్తూ ఉండి ఉంటాడు.

తర్వాత విచారణకి వచ్చారు. కరెంటు మూడూ ముప్పై ఎనిమిదికి పోయినట్టు మాకు కరెంటు పంపే పెద్ద స్టేషన్ పుస్తకంలో పడిపోయింది, దాన్ని మార్చలేను. అందుకని అది మామూలు రిపేరు అని రాశాను. గాలి వచ్చింది నాలుగుంపావుకని రాశాను. మధ్యలో అంత ఎడం ఉంటే, గాలిని చూసి నేనే కరెంటు తీశానని ఎవరికీ తట్టదు. ఎవరికీ తట్టలేదు, ఫైర్ స్టేషన్ ఆయన్ని ఎవరూ అడగలేదు. ఊళ్ళో అందరూ గోడల కింద తమవాళ్ళని వెతుక్కుంటున్నారు, గడియారం ఎవరు చూశారు?

నువ్వు నలభై రెండూ తప్పని తేల్చి, ఈ ఒక్కటే నమ్మానని రాసినప్పుడు నాకు అన్నం సహించలేదు. తీసెయ్యమంటే పోతుందనుకున్నాను. నీ మొదటి ఉత్తరం వచ్చినప్పుడే చెప్పాల్సింది. పొగిడించుకోవడంలో పడ్డాను.

ఇప్పుడు ఆ అబద్ధం బడి పిల్లల దాకా వస్తోంది. మూడూ నలభై ఏడుకి పిల్లలు తరగతుల్లోనే ఉంటారు. టైము దిద్దు. ఎవరు చెప్పారని అడిగితే నా పేరు చెప్పు. ఎందుకు ఆలస్యంగా చెప్పాడని అడిగితే అదీ చెప్పు.

వదినకి చదివి వినిపించు. నాకా ధైర్యం లేదు.

మీ నాన్న తమ్ముడు

మే 5

బాబాయికి,

నెల రోజులు రాయలేదు. మొదటి వారం కోపంతో రాయలేదు. నీ మీద నాకు నిజంగానే కోపం వచ్చింది. ఇప్పటికీ కొంత ఉంది. మిగతా మూడు వారాలూ తిరగడంతో సరిపోయింది.

ముందు పని సంగతి. నలభై మూడో కార్డు టైము మూడూ నలభై ఏడుగా దిద్దాను. "కళ్ళారా చూసిన లైన్ ఇన్‌స్పెక్టర్ స్వయంగా సరిదిద్దారు" అని పక్కన రాశాను. పెద్దాయనకి మొత్తం చెప్పాను. ఆయన ఆ కార్డు తీయించుకుని మళ్ళీ చదివాడు. తర్వాత, "ఇంత ఆలస్యంగా నిజం చెప్పడం చాలా కష్టమమ్మా, చెప్పాడు" అన్నాడు. ముప్పయ్యో తారీఖున కమిటీ కూర్చుంది. బడులు మొదటి జాబితాలోకి వచ్చాయి. ఈ వేసవి సెలవుల్లోనే తవ్వకం మొదలు.

రెండోది. నీ ఉత్తరం చదివాక కార్మికశాఖ ఆఫీసుకి వెళ్ళి ఆనాటి విచారణ ఫైలు తీయించాను. మిల్లులో ఆ రోజు పన్నెండు మంది ఉన్నారు. పదకొండు మంది బతికారని నీకు తెలుసు. ఎలా బతికారో నువ్వు ఎప్పుడైనా అడిగావా? అడిగి ఉండవు. వాళ్ళ మొహాలు చూడగలిగేవాడివి కాదు. వాళ్ళ వాఙ్మూలాలు పదకొండూ చదివాను. అందరూ దాదాపు ఒకే మాట చెప్పారు. "కరెంటు పోయి రంపాలు ఆగిపోతే, టీ తాగుదామని బయటికి వచ్చాం. అప్పుడు తొండం కనిపించింది. కల్వర్టు కిందికి పరుగెత్తాం."

నమ్మకం కుదరక, వాళ్ళలో ఉన్న ఒకాయన్ని వెతికి పట్టుకున్నాను. రంపాలకి పదును పెట్టేవాడు, ఇప్పుడు కొడుకు దగ్గర ఉంటున్నాడు. సైరన్ మోగితే వినపడేదా అని అడిగాను. నవ్వాడు. రోజూ మధ్యాహ్నం పన్నెండింటికి సైరన్ మోగించి చూసేవారట. రంపాలు తిరుగుతుంటే అది ఒక్కనాడూ వాళ్ళ చెవిన పడలేదట. నాన్న గోడ గడియారం చూసి భోజనాలకి వదిలేవాడట.

ఇక్కడితో ఆపేస్తే నీకు హాయిగా ఉంటుంది. కానీ ఇంకొకటి చెప్పాడు. దాన్ని రాయాలా వద్దా అని మూడు రోజులు కొట్టుకున్నాను. దాచిపెట్టినది నిన్ను ఏం చేసిందో చూశాక, దాచకూడదనిపించింది. అందరూ బయటికి వచ్చినా నాన్న లోపలే ఉండిపోయాడు. ఆరు రంపాలకి ఆరు స్విచ్‌లు. కరెంటు తిరిగి రాగానే రంపం తనంతట తాను తిరిగితే ఎవరి చెయ్యో పోతుందని, ఒక్కొక్కటీ ఆపుకుంటూ వెళ్ళాడట. "మా తమ్ముడు నేర్పాడు ఈ పద్ధతి" అని కొత్తగా చేరిన ప్రతివాడికీ చెప్పేవాడట. శిథిలాల్లో చూస్తే నాలుగు స్విచ్‌లు ఆపి ఉన్నాయి.

నువ్వు కరెంటు తియ్యడం వల్ల పదకొండు మంది బయటికి వచ్చారు. అందువల్లే నాన్న లోపల ఉండిపోయాడు. రెండూ నిజమే. నువ్వు స్విచ్ తిరిగి ఎక్కించి ఉంటే ఏమయ్యేదో ఎవరికీ తెలీదు, నాకు అసలే తెలీదు. నేను లెక్కలదాన్ని బాబాయ్, ఇది ఏ గడిలో వెయ్యాలో నాకు తెలియడం లేదు. నీది తప్పు కాదని నేను అనను. నువ్వు భయపడ్డావు, తర్వాత అబద్ధం రాశావు. కానీ నాన్నని చంపింది నువ్వని ఇరవై ఆరేళ్ళు మోశావే, అది మాత్రం నిజం కాదు. ఇది నేను నిన్ను ఓదార్చడానికి అనడం లేదు, పదకొండు మంది సంతకాలు పెట్టి చెప్పారు.

అమ్మకి నీ ఉత్తరం, ఈ ఫైలు, రెండూ చదివి వినిపించాను. ఆవిడ లేచి, ఆరిన బట్టలు మడతపెట్టింది. పెట్టినవి విప్పి మళ్ళీ మడతపెట్టింది. తర్వాత నా ఎదురుగా వచ్చి కూర్చుని, "రాయి" అంది. ఆవిడ చెప్పింది చెప్పినట్టు రాస్తున్నాను.

"మరిదీ, ఆయన పోయాక నువ్వు మా గుమ్మం తొక్కలేదు. పిల్లని సెలవులకి పంపమని కబురు చేసేవాడివి, పండో ఫలమో ఇచ్చి మళ్ళీ పంపేవాడివి, నువ్వు మాత్రం వచ్చేవాడివి కాదు. మొగుడు పోయినదాని మొహం చూడలేక రావడం లేదనుకున్నాను. కొన్నాళ్ళకి, ఎక్కడ నీ నెత్తిన పడతానోనని భయపడ్డావనుకున్నాను. నీ మీద ఇన్నేళ్ళూ కోపం పెట్టుకున్నాను, అది తప్పుడు కోపం. ఇప్పుడు అసలు కోపం వచ్చింది. ఇది ఉత్తరంలో తీరేది కాదు. ఈ ఆదివారం రా. నా ఎదురుగా కూర్చో. కడుపులో ఉన్నదంతా తిట్టేస్తాను, నువ్వు మాట్లాడకుండా వినాలి. తిట్టడం అయిపోయాక ఇద్దరం కూర్చుని మీ అన్న కోసం ఏడుద్దాం. ఇన్నేళ్ళూ నేనొక్కదాన్నే ఏడిచాను."